బెదిరిన పిల్లలకు బడి ఎలా ఉండాలి?

1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో కంబర్లాండ్ హౌస్ అనే చిన్న బడి తెరిచారు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు అది వసతి బడి. మామూలు బడులు ‘మా వల్ల కాదు’ అని చేతులెత్తేసిన పిల్లలే అక్కడికి వచ్చేవారు. మనసు బాగోలేక, కోపాన్నో భయాన్నో అదుపు చేసుకోలేక, ఇంట్లోనూ తరగతిలోనూ నిలవలేకపోయినవాళ్లు. ఆ రోజుల్లో అలాంటి పిల్లలను మానసిక వైద్యశాలలో చేర్చడమో, వైద్యుడి దగ్గర తమ వంతు వచ్చేదాకా ఇంట్లో కూర్చోబెట్టడమో జరిగేది. ముందు జబ్బు నయం కావాలి, చదువు సంగతి తరవాత చూద్దాం అన్నది అందరూ ఒప్పుకున్న పద్ధతి.

నికొలస్ హాబ్స్ అనే మనస్తత్వవేత్త ఈ వరసను తిరగేశాడు. నాష్‌విల్‌లోని పీబాడీ కళాశాలలో ఆయన ఆచార్యుడు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిధులతో ‘రీ-ఎడ్’ అనే ప్రయోగం మొదలుపెట్టాడు. కంబర్లాండ్ హౌస్, నార్త్ కరొలైనా రాష్ట్రం డర్హమ్‌లోని రైట్ స్కూల్ ఆ ప్రయోగం నుంచి పుట్టినవే. ఎనిమిదేసి మంది పిల్లలు ఒక జట్టు. ప్రతి జట్టుకూ ప్రత్యేక శిక్షణ పొందిన ఇద్దరు టీచర్లు, పగలు చదువుకు ఒకరు, సాయంత్రం ఆటపాటలకు మరొకరు. మానసిక వైద్యులు ఉండేవారు కానీ టీచర్లకు సలహాదారులుగా వెనక ఉండేవారు. పిల్లాడితో రోజంతా గడిపేది టీచరే కాబట్టి నయం చేసే పనికి కూడా టీచరే ముందు నిలవాలని హాబ్స్ నమ్మాడు.

వారాంతాల్లో పిల్లలు ఇంటికి వెళ్లి రావలసిందే. ఇంటితో ముడి తెగకూడదు. పిల్లాడు వదిలి వచ్చిన పాత బడితో మాట్లాడుతూ ఉండటానికే ఇంకొక టీచరు ఉండేవాడు. కొన్ని నెలల్లో తిరిగి వెళ్లిపోవాలన్నదే మొదటి రోజు నుంచీ లక్ష్యం. సమస్య అంతా పిల్లాడి లోపలే ఉందని హాబ్స్ అనుకోలేదు. పిల్లాడికీ, ఇంటికీ, టీచరుకీ, వీధికీ మధ్య ఎక్కడో పొసగకుండా పోయింది. అన్ని వైపులా తలా కాస్త సర్దితే ఆ బతుకు మళ్లీ నడుస్తుందన్నది ఆయన ఆలోచన. పిల్లలకు రోజూ ఎంతో కొంత సంతోషం దొరకాలన్నది కూడా ఆయన రాసుకున్న సూత్రాల్లో ఒకటి. అన్నిటికన్నా ఎక్కువ బరువు ఆయన పనితనం మీద పెట్టాడు. చదవలేని పిల్లాడికి చదవడం వస్తే, ఈత రాని పిల్లకు ఈత వస్తే, వాళ్ల మనసు కూడా కుదుటపడుతుందని ఆయన అన్నాడు.

అరవై ఏళ్ల కిందట ఇది అనుభవం మీద చెప్పిన మాట. ఇప్పుడు దీనికి మెదడు శాస్త్రం నుంచి గట్టి ఆధారాలు ఉన్నాయి.

లెక్క చేయాలన్నా, ఒక వాక్యం అర్థం చేసుకోవాలన్నా, అప్పటికి కావలసిన సంగతులను కాసేపు మనసులో పట్టి ఉంచుకోవాలి. దీన్నే వర్కింగ్ మెమరీ అంటారు. అది పొయ్యి పక్కన ఉండే చిన్న గట్టు లాంటిది, మూడు నాలుగు గిన్నెలకు మించి పట్టవు. ‘సార్ నన్నే లేపుతాడేమో’, ‘వెనక బెంచీవాళ్లు నవ్వుతారేమో’ అన్న ఆలోచనలు అందులో రెండు గిన్నెల చోటు తీసేసుకుంటే లెక్కకు మిగిలే జాగా ఎంత? ఆందోళనతో ఉన్న పిల్లలు రాత్రి చదివింది పొద్దున రాయలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. మనం దాన్ని అశ్రద్ధ అనో మొద్దుతనం అనో పిలుస్తాం.

భయం ఇంకా పెరిగితే జరిగేది వేరు. నుదురు వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మన ఆలోచనకు, నిగ్రహానికి, ప్రణాళికకు ఆధారం. యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు ఒక సంగతి తేల్చాయి. ఒత్తిడి అదుపు తప్పినప్పుడు నోరెపినెఫ్రిన్, డోపమిన్ అనే రసాయనాలు ఆ భాగంలోకి ఎక్కువగా విడుదలై అక్కడి నాడీకణాల మధ్య సంబంధాలను తాత్కాలికంగా బలహీనపరుస్తాయి. అదే సమయంలో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా చురుకవుతుంది. అప్పుడు పిల్లాడు పారిపోతాడు, లేదా ఎదురు తిరుగుతాడు, లేదా కొయ్యబారిపోతాడు. ఆ నిమిషంలో ‘ఎందుకిలా చేశావ్’ అని నిలదీస్తే జవాబు రాదు. జవాబు ఆలోచించాల్సిన భాగమే ఆ నిమిషంలో సరిగా పనిచేయడం లేదు.

‘అదుపు తప్పిన ఒత్తిడి’ అన్నాను. ఈ అదుపు అన్న మాట చుట్టూ ఒక పెద్ద కథ ఉంది. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. తప్పించుకునే వీలు లేకుండా విద్యుత్ షాకులు తిన్న కుక్కలు, తరవాత వీలు కల్పించినా కదలకుండా పడి ఉన్నాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని ఆ ఇద్దరూ చెప్పారు, పాఠ్యపుస్తకాలన్నీ దాన్నే రాశాయి. మేయర్ మాత్రం అక్కడ ఆగలేదు. మెదడులో ఏం జరుగుతోందో ఎలుకల్లో దశాబ్దాల పాటు వెతికాడు. రెండు ఎలుకలకు ఒకే మోతాదు షాకులు తగిలేలా చేస్తారు. ఒక ఎలుక ముందు చక్రం ఉంటుంది, దాన్ని తిప్పితే షాకు ఆగుతుంది. రెండోదానికి ఆ వీలు లేదు, మొదటిదానికి ఆగినప్పుడే దానికీ ఆగుతుంది. బాధ రెండింటికీ సమానం. అయినా చక్రం ఉన్న ఎలుక మామూలుగానే ఉంటుంది, లేనిది కుంగిపోతుంది.

2016లో సెలిగ్‌మన్, మేయర్ కలిసి తమ పాత సిద్ధాంతాన్ని తామే తలకిందులు చేస్తూ ఒక పత్రం రాశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదు, ఎడతెగని బాధకు మెదడు సహజంగా ఇచ్చే స్పందనే అది. ‘నేను చేసినదాని వల్ల ఫలితం మారుతోంది’ అన్న పట్టునే మెదడు నేర్చుకుంటుంది. అది తెలిసినప్పుడు ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోని ఒక భాగం మెదడు కాండంలోని కలవరాన్ని అణిచివేస్తుంది. ఒకసారి ఈ పట్టు దొరికిన జంతువు తరవాత వచ్చే కష్టాలకు కూడా తొందరగా లొంగదు.

పిల్లల చదువుకు సంబంధించి నాకు తెలిసిన శాస్త్ర ఫలితాల్లో ఇంత విలువైనవి తక్కువ. చతికిలబడిన పిల్లలకు మనం సాధారణంగా ఇచ్చేవి ధైర్యవచనాలు, లేదంటే మందలింపులు. వాళ్లకు నిజంగా కావలసింది తమ చేతిలో కొంత ఉందన్న అనుభవం, అదీ మళ్లీ మళ్లీ, చిన్న చిన్న మోతాదుల్లో. ఇప్పటికి సాధ్యమయ్యే పని, పూర్తి చేస్తే కనిపించే ఫలితం, ఏ పని ముందు చేయాలో తానే చెప్పే వీలు. వీటిని రోజూ అందించగల చోటు బడి కన్నా ఇంకొకటి లేదు. హాబ్స్ టీచరును ముందు నిలబెట్టడంలోని అర్థం ఇదే.

బడికి పోనని మొరాయించే పిల్లల విషయంలో ఇళ్లలో రెండు పనులు జరుగుతుంటాయి. ఒకటి, బలవంతంగా బండెక్కించి దింపి రావడం. పిల్లాడి చేతిలో ఉన్న ఆ కాస్త పట్టు కూడా అప్పుడు పోతుంది. రెండోది, సరేలే అని ఇంట్లో ఉంచేయడం. ఇది జాలితో చేసే పనే, అయినా ఇందులో ఒక చిక్కు ఉంది. బడి తప్పిన పూట కలిగే ఉపశమనమే మెదడుకు బహుమతి అవుతుంది. మర్నాడు అదే వాకిలి ఇంకా భయంగా కనిపిస్తుంది. వారం రెండు వారాలై, నెల అయ్యేసరికి పాఠాలు వెనకబడతాయి, స్నేహితులు దూరమవుతారు, వెళితే ఏం చెప్పాలన్న సిగ్గు తోడవుతుంది. మొదట లేని కారణాలు కూడా పుట్టుకొస్తాయి.

ఈ రెండింటి నడుమ ఉన్న దారే ప్రత్యామ్నాయ చదువు. దానికి మొదటి మెట్టు, ఆ పిల్ల ఎందుకు రావడం లేదో తెలుసుకోవడం. లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయంలో క్రిస్టొఫర్ కెర్నీ ఈ కారణాలను నాలుగు రకాలుగా విడదీశాడు. బడిలో ఏదో ఒకటి, గంట మోతో బస్సో కారిడారో, మనసును కలచివేయడం. నలుగురిలో మాట్లాడాలన్నా పరీక్ష రాయాలన్నా బెదురు. అమ్మానాన్నల దగ్గరే ఉండాలన్న ఆరాటం. బయట బడికన్నా ఇష్టమైనది దొరకడం. హాజరు పట్టీలో ఈ నలుగురికీ పడేది ఒకే గైర్హాజరు గుర్తు. చేయాల్సింది మాత్రం నలుగురికీ వేరు. అమ్మ ఆరోగ్యం గురించి బెంగపడి ఇల్లు కదలని పిల్లకూ, తరగతిలో వేధింపులకు భయపడి రాని పిల్లకూ ఒకే కౌన్సెలింగ్ ఇస్తే ఇద్దరికీ అన్యాయమే.

కారణం తెలిశాక ఆ పిల్లతో కూర్చుని ఏర్పాటు చేస్తారు. రద్దీ తగ్గాక పదకొండింటికి వచ్చి గంటసేపు ఉండి వెళ్లడం కావచ్చు. మొదట ఒకే టీచరు, ఒకే గది, ఇష్టమైన ఒకే సబ్జెక్టు. కుదిరాక ఇంకొక పిల్ల తోడు, ఆ తరవాత నలుగురి గుంపు. గుండె దడ మొదలైతే చెప్పకుండానే లేచి వెళ్లగలిగే ఒక గది, చూపిస్తే చాలు ఎవరూ ప్రశ్నించని ఒక కార్డు. ఈ కార్డు చేతికిస్తే పిల్లలు రోజంతా బయటే తిరుగుతారని పెద్దలు భయపడతారు. ఎలుక ముందున్న చక్రాన్ని గుర్తు చేసుకోండి. వెళ్లిపోగలననే నమ్మకం ఉన్న పిల్ల ఎక్కువసేపు కూర్చోగలదు.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యుక్తవయసులో మెదడు మెలటోనిన్‌ను రాత్రి ఆలస్యంగా విడుదల చేస్తుందని మేరీ కార్స్‌కడన్ వంటి నిద్ర శాస్త్రవేత్తలు చూపించారు. పదహారేళ్లవాళ్లకు రాత్రి త్వరగా నిద్ర పట్టకపోవడం, పొద్దున లేవలేకపోవడం చాలావరకు శరీరధర్మం. కుంగుబాటు ఉన్నవాళ్లకు ఇది ఇంకా కష్టం. అలాంటివాళ్లను తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేపి కూర్చోబెడితే వాళ్ల చదువూ ఆరోగ్యమూ రెండూ నష్టపోతాయి.

ఇంగ్లండ్‌లో 1996 నాటి విద్యా చట్టం 19వ సెక్షన్ ప్రకారం, జబ్బు వల్లనో, బడి నుంచి తీసేయడం వల్లనో, మరే కారణంతోనో బడికి వెళ్లలేని పిల్లలకు తగిన చదువు ఏర్పాటు చేయడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో క్యారీ హెర్బర్ట్ అనే విద్యావేత్త, వేధింపుల వల్ల బడి మానేసిన పిల్లల కోసం రెడ్ బెలూన్ అనే కేంద్రం మొదలుపెట్టింది. ఒక్కొక్క పిల్లకూ ఒక్కొక్క టైమ్‌టేబుల్, తక్కువ మంది పిల్లలు, చదువుతో పాటు మనసు విప్పి మాట్లాడే సమయం. ఇల్లు కదలలేని పిల్లలకు ఆన్‌లైన్‌లో కూడా పాఠాలు చెబుతారు. అక్కడ అంతా బాగుందని మాత్రం చెప్పలేను. బడులు తమ ఫలితాలు కాపాడుకోవడానికి కష్టమైన పిల్లలను ప్రత్యామ్నాయ కేంద్రాలకు తోసేస్తున్నాయన్న విమర్శ ఆ దేశంలో చాలాకాలంగా ఉంది. తిరిగి వచ్చే దారి మూసేస్తే ప్రత్యామ్నాయ బడి వెలివాడ అవుతుంది. పాత బడితో మాట్లాడే టీచరును హాబ్స్ ప్రత్యేకంగా పెట్టుకున్నది ఈ ప్రమాదం తప్పించడానికే.

జపాన్ ఇంకొక మార్గంలో ఇక్కడికే వచ్చింది. ఏడాదికి 30 రోజులు, అంతకు మించి బడికి రాని పిల్లలను అక్కడి ప్రభుత్వం ఏటా లెక్కిస్తుంది. 2023 విద్యా సంవత్సరంలో ప్రాథమిక, మాధ్యమిక బడుల్లో ఇలాంటివాళ్లు 3,46,482 మంది. ఆర్థిక ఇబ్బంది వల్లో జబ్బు వల్లో రానివాళ్లను కలపని లెక్క ఇది. బడికి రాని పిల్లల కోసం తల్లిదండ్రులు, పాత టీచర్లు స్వచ్ఛందంగా నడిపే ‘ఫ్రీ స్కూళ్లు’ 1980ల నుంచే అక్కడ ఉన్నాయి. 1985లో మొదలైన టోక్యో షూరే వాటిలో పేరున్నది. అలాంటి చోట చదివిన రోజులను అసలు బడి హాజరులో కలపడానికి 1992 నుంచి హెడ్మాస్టర్లకు వీలు కల్పించారు. 2016లో చేసిన చట్టం ఇంకా ముందుకు వెళ్లి, బడికి రాని పిల్లలకు విశ్రాంతి అవసరం కావచ్చని, బడి బయట జరిగే చదువు కూడా ముఖ్యమేనని ఒప్పుకుంది. హాజరు లెక్కలో ఇంత చిన్న మార్పు ఎన్నో ఇళ్లలో తగవు తీర్చగలదు.

ఇక మన దగ్గర. మానసిక సమస్యలు ఏ వయసులో మొదలవుతాయన్న దాని మీద ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి 2021లో చేసిన విశ్లేషణలో అత్యధికంగా తేలిన వయసు పద్నాలుగున్నర. మన లెక్కలో అది తొమ్మిది, పది తరగతుల కాలం. ఆ వెంటనే ఇంటర్, ర్యాంకుల హాస్టళ్లు. మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 7 శాతానికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేల్చింది. నలభై మంది ఉన్న సెక్షన్‌లో ముగ్గురు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది అని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయడం, అందరిలో అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానాలి. చట్టం వచ్చేదాకా ఇవి చట్టంలాగే అమలు కావాలని కోర్టు చెప్పింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో స్టార్ బ్యాచులు, జీరో సెక్షన్లు అంటూ పిల్లలను వేరుచేసే అలవాటు ఎంత పాతుకుపోయిందో తెలిసినవాళ్లకు ఈ మాటల బరువు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే కౌన్సెలర్‌ను పెట్టడంతో పని పూర్తి కాదు. వారానికి అరగంట మాట్లాడి, మళ్లీ అదే సెక్షన్‌కు, అదే వీకెండ్ టెస్ట్‌కు పంపిస్తే ఆ అరగంట నిలవదు. టైమ్‌టేబుల్ మారాలి. దానికి కావలసిన సాధనాలు కొన్ని మన మధ్యనే ఉన్నాయి, వాటిని మనం ఈ కంటితో చూడలేదు.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె బడుల కోసం రూపొందించిన పద్ధతి అందులో మొదటిది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటి వరసను గోడ మీద ‘నేర్చుకునే నిచ్చెన’గా తగిలించారు. పిల్లాడు తన మెట్టు తానే చూసుకుని, తన కార్డు తానే తీసుకుని చేస్తాడు. పనుల కాలంలో పొలానికి వెళ్లి వారాల తరవాత తిరిగి వచ్చినా, ఆపిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు, తరగతి తనను దాటిపోయిందన్న దిగులు లేకుండా. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో కార్యాచరణ బోధనకు ప్రేరణ ఇక్కడిదే. ఒకే టీచరున్న పల్లె బడి కోసం పుట్టిన ఈ పద్ధతి, కుంగుబాటుతో నెల రోజులు మంచం దిగని పిల్లకు కూడా సరిగ్గా సరిపోతుంది.

రెండోది ఓపెన్ స్కూల్. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో చేరితే అయిదేళ్ల గడువు, తొమ్మిది సార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటాయి. ఒక్కో సబ్జెక్టు ఒక్కోసారి రాసి, పాసైనవి దాచుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి. ‘ఓపెన్‌లో చదువుతున్నాడు’ అనే మాటను తగ్గు స్వరంతో చెప్పుకోవడం మనం మానాలి. ఆందోళనతో ఉన్న పిల్లాడికి ఒక్క రోజు ఒక్క పేపరే రాయడం, మిగతావి సిద్ధమైనప్పుడు రాయడం అన్నది చికిత్సలో భాగం.

మూడోది చట్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఉంది. ఆ పిల్లల అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని అదే చట్టం విద్యాసంస్థలకు చెబుతోంది. ర్యాంపు కట్టమని అడిగినట్టే, విరామం ఇవ్వమనీ విడి గది ఇవ్వమనీ అడగవచ్చు.

ఈ పని ఎవరు చేయాలన్నదానికి బిహార్ నుంచి ఒక జవాబు ఉంది. నలంద జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో జరిగిన ‘సెహెర్’ ప్రయోగం ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బడి వాతావరణాన్ని మార్చే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో టీచర్లకు, కొన్నింటిలో స్థానికంగా శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సెలర్లకు అప్పగించారు. కౌన్సెలర్లు నడిపిన చోట కుంగుబాటు, వేధింపులు తగ్గాయి. టీచర్లకు అప్పగించిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. హాబ్స్ మాటకు ఇది ఎదురు కాదని నా అభిప్రాయం. ఆయన టీచరు మీద పెట్టింది ఎనిమిది మంది పిల్లలను. మనం అరవై మందినీ, సిలబస్‌నూ, ఎన్నికల డ్యూటీనీ పెట్టి, ఆ పైన మనసులు చూసుకోమంటున్నాం. ఇందుకోసమే ఉండే మనిషి ఒకరు ప్రతి ఉన్నత పాఠశాలకూ కావాలి. ఆ మనిషికి పెద్ద డిగ్రీలు లేకపోయినా మంచి శిక్షణ, పర్యవేక్షణ ఉంటే చాలునని నలంద చూపించింది.

మీ ఇంట్లోనో మీ తరగతిలోనో బడికి రాలేకపోతున్న పిల్ల ఉంటే, టీసీ తీసుకోవడానికి ముందు బడివాళ్లతో కూర్చుని మూడు సంగతులు అడగండి: రోజులో ఎంతసేపు రాగలదు, ఎవరి దగ్గర కూర్చోగలదు, ఏ పరీక్ష వాయిదా వేయవచ్చు. ఆ మాటలు జరిగేటప్పుడు ఆ పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు తోచనప్పుడు, భయమేసినప్పుడు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.